మూత మీద బొటనవేలి ముద్ర

మా ఇంట్లో దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే మనిషిని నేను. భయపడి కాదు, విసుగొచ్చి. నా ఉద్యోగమే కొలతలతో. కంటికి బాగున్నట్టు కనిపించినా మిషను మీద పెట్టి చూస్తే గానీ సంతకం పెట్టను. అలాంటి నేను ఇది రాయడానికి కూర్చున్నానంటే మా ఆయన ఇంకా నమ్మలేదు. చూసింది చూసినట్టు రాస్తాను. కారణం మాత్రం అడక్కండి, నా దగ్గర లేదు.

నేనుండేది హైదరాబాదు పాతబస్తీలో, ఛత్రినాకలో. నాన్నగారు తెనాలి వైపు నుంచి గవర్నమెంటు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. పని చేసేది గౌలిపురలో. సెమీకండక్టర్ చిప్‌లు తయారుచేసే మిషన్లకు మా కంపెనీ భాగాలు చేసి పంపుతుంది. ఆ సందుల్లో చిప్‌ల పనేంటని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. మా ఓనరు మల్లేశ్ గారి తాతది పాల వ్యాపారం. ఇప్పుడు దుమ్ము రేణువు కూడా ఉండకూడని మా క్లీన్ రూమ్ ఉన్న చోటే ఒకప్పుడు బర్రెల్ని కట్టేసేవారు. ఆయన నాన్న బర్రెలమ్మి లేత్ మిషన్లు పెట్టాడు. మల్లేశ్ గారు ఇంజనీరింగ్ చదివొచ్చి ఆ లేత్‌ల పక్కనే అద్దాల గది కట్టించి, లోపలికి ఎవరొచ్చినా తలకు టోపీ, చేతులకు గ్లౌజులు, కాళ్ళకు కవర్లు ఉండాల్సిందేనన్నారు. మొదటి వారం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకోవడంతోనే సరిపోయింది.

మేం చేసేవి అల్యూమినియం మూతలు. చిప్ తయారయ్యే పెట్టెలోంచి గాలంతా లాగేస్తారు, ఆ పెట్టె మీద బిగించే మూతలివి. మూతలో కంటికి కనపడనంత సందున్నా గాలి లోపలికి దూరి సరుకంతా పాడవుతుంది. అందుకని ప్రతి మూతనీ బిగించి, లోపలి గాలి లాగేసి, బయట అతుకుల చుట్టూ హీలియం ఊదుతాం. రవ్వంత హీలియం లోపలికి పోయినా లీక్ టెస్టరు కీచుమంటుంది. ఆ పరీక్ష చేసి సంతకం పెట్టేది నేను.

మూతల ముఖాన్ని అద్దంలా తీర్చేది యాదగిరి బాపు. ప్రభుత్వ ఫ్యాక్టరీలో టూల్ రూమ్‌లో ముప్పై ఏళ్ళు చేసి, రిటైరయ్యాక మా దగ్గర చేరాడు. వాళ్ళిల్లు మా షెడ్డుకి రెండు సందుల అవతలే. సన్నటి మనిషి, చెవుల్లో వెంట్రుకలు, జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం. కుడి బొటనవేలి మీద ఏటవాలుగా ఒక పాత గాటు. కుర్రతనంలో లేత్ మీద ఇనుప పొట్టు కోసిందట. ఆ గాటు వల్ల మా హాజరు మిషను ఆయన వేలిముద్రని ఏనాడూ ఒప్పుకోలేదు. "మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది మిషను. "ముప్పై ఏండ్లు చేసినోణ్ణి నమ్మనీకి నీకేంది నొప్పి" అని బాపు దాంతో లొల్లి పెట్టుకునేవాడు. చివరికి ఆయనొక్కడికీ రిజిస్టరు పెట్టారు.

ఆయనకో అలవాటుంది, అక్కడే నాకూ ఆయనకీ పడేది కాదు. చేస్తున్న జాబ్‌లో, అంటే చేతిలో ఉన్న భాగంలో, ఎక్కడైనా అనుమానం వస్తే పాతకాలం పనివాళ్ళు సుద్దతో గుర్తు పెడతారు. బాపు సుద్ద వాడడు. బొటనవేలికి లోహం మీద గుర్తులకు వాడే నీలం రంగు రాసుకుని అక్కడ ఒత్తేవాడు, రంగు దగ్గర లేకపోతే ఉత్త వేలే. ఏమీ చెప్పడు, ఎవర్నీ తిట్టడు. ఆ ముద్ర కనపడితే చాలు, ఆ తర్వాత జాబ్ పట్టుకున్నవాళ్ళు అక్కడ మళ్ళీ చూడాలని షెడ్డంతటికీ తెలుసు. ఆయన గుర్తు పెట్టిన చోట ఏమీ లేకపోవడం నేను ఒకటి రెండుసార్లకి మించి చూడలేదు.

కానీ ఇప్పటి పనికి అది పెద్ద తప్పు. చేతి జిడ్డు, గాలి లేని పెట్టెలో ఆవిరై లోపలి సరుకు మీద పడుతుంది. కడిగిన మూతని ఉత్త చేత్తో ముట్టుకోవడమంటే మా దగ్గర పూజ గదిలోకి చెప్పులతో వెళ్ళడమే. రెండేళ్ళు ఆయనతో పోట్లాడాను.

"గ్లౌజు ఏస్కుంటే చెయ్యి చెవిటిదైతది బిడ్డా" అనేవాడు. "నాకేం వినవడది."

"బాపూ, మీరు విన్నది చాలు, వేసుకోండి" అనేదాన్ని నేను. గొణుక్కుంటూ వేసుకునేవాడు. నేను అటు తిరగగానే తీసేసేవాడు. మళ్ళీ నేను అరవడం, ఆయన జేబులోంచి సోంపు తీసి నా చేతిలో పోయడం. నాకు ఆయన మీద ఎంత కోపమొచ్చేదో అంత ఇష్టం కూడా. మా నాన్నగారు పోయాక నన్ను కూతురిలా చూసుకున్న మనిషి ఆయనొక్కడే.

నిరుడు మాకు బెంగళూరు నుంచి ఒక పెద్ద మిషన్ల కంపెనీ మొదటి ఆర్డరు ఇచ్చింది. నాలుగు మూతలు. నాలుగూ బాగుంటే వరసగా పని వస్తుంది. ఒక్కటి లీకైనా వాళ్ళు ఇంక మా వైపు చూడరు. మల్లేశ్ గారు ఉన్నదంతా ఆ అద్దాల గదిలో పోసి కూర్చున్నారు, పద్దెనిమిది మంది దాని మీదే బతుకుతున్నాం. మూడు మూతలు వెళ్ళిపోయాయి. నాలుగోదాని ముఖం తీర్చడం బాపు సోమవారం పూర్తిచేశాడు. మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో అన్నం తిని గోడకి ఆనుకుని కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడు. ఆయన భార్య అనసూయమ్మ నిద్రపోతున్నాడనుకుని దుప్పటి కప్పిందట.

షెడ్డు మూడు రోజులు మూశాం. తెరిచాక మిగిలింది ఒక్కటే పని, ఆ మూత వెనకవైపు గ్యాస్ గొట్టం అతకడం. బాపు పోయిన అయిదో రోజున మా వెల్డరు ఖాజా భాయ్ దానికి ఆర్గాన్ వెల్డింగ్ చేశాడు. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

నేను పరీక్ష చేయాల్సిన రోజూ, బాపు పదకొండో రోజూ ఒకటే అయ్యాయి. మేం పెద్దకర్మ అంటాం, ఇక్కడివాళ్ళు దినాలంటారు. పన్నెండు గంటలకల్లా అక్కడుండాలి. మూత మీద ఆరు అతుకులు. ఒక్కో అతుకు దగ్గర హీలియం గొట్టం ఆపి, అర నిమిషం నిలబడి, అంకె కదలడం లేదని చూసుకుని, అప్పుడు పక్కదానికి వెళ్ళాలి. ఆ రోజు నేను ఆపలేదు. హారతి తిప్పినట్టు చుట్టూ ఒకసారి తిప్పేశాను. మిషను అరవలేదు. 'పాస్' అని రాసి సంతకం పెట్టేశాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో అలా చేయడం అదే మొదలు. ఎవరికోసం చేశానో తెలుసు కాబట్టి అప్పుడు తప్పనిపించలేదు.

మూతని కడిగే తొట్టిలో పెట్టి దినాలకి వెళ్ళొచ్చాను. మూడు గంటలకి తిరిగొచ్చి, ఆరబెట్టి, చీకటి చేసి యూవీ లైటు కింద చూశాను. జిడ్డు ఎక్కడున్నా ఆ వెలుగులో మెరుస్తుంది. మల్లేశ్ గారు కూడా పక్కనే నిలబడి చూశారు. మచ్చ కూడా లేదు. గ్లౌజులతో నేనే రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి వేడితో సీలు చేశాను. క్లీన్ రూమ్ తాళం మల్లేశ్ గారి దగ్గర.

మర్నాడు పొద్దున పది గంటలకి ఆయనే తాళం తీసి తన పని మీద వెళ్ళారు. మధ్యాహ్నం బండి వస్తుంది, లేబుల్ అంటించాలని నేను సంచి పక్కకి తిప్పాను. కిటికీ వెలుగు ఏటవాలుగా పడింది. సంచి లోపల, గొట్టం అతికిన చోట, ఒక వేలిముద్ర.

సంచి మీదేమో అని తుడిచాను, పోలేదు. సీలు చూశాను, చెక్కుచెదరలేదు. సంచులు కత్తిరించి, మూతని యూవీ లైటు కింద పెట్టాను. తెల్లగా, స్పష్టంగా, గీతలతో సహా కనపడింది. బొటనవేలు. ముద్ర మధ్యలో ఏటవాలుగా ఖాళీ గీత.

నా నోట్లోంచి మొదట వచ్చిన మాట ఏంటో చెబితే నవ్వుతారు. "బాపూ, గ్లౌజు!" అని అరిచాను. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. స్పిరిట్ గుడ్డతో తుడిచి, కొత్త సంచుల్లో పెట్టేస్తే పది నిమిషాల పని. ఎవరికీ తెలియదు. బండి వస్తుంది, మూత వెళుతుంది. ముద్ర సంగతి బయటపెడితే మళ్ళీ పరీక్ష చేయాలి. అక్కడేమైనా తేలితే నా సంతకం అబద్ధమని అందరికీ తెలుస్తుంది. గుడ్డ చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ముద్ర ఎలా వచ్చిందన్నది నాకు అర్థం కాలేదు గానీ, దాని అర్థం మాత్రం నాకు బాగా తెలుసు. ఇక్కడ మళ్ళీ చూడమని.

గుడ్డ పక్కన పెట్టి మూతని టెస్టరు మీద బిగించాను. గాలి లాగడానికి అరగంట పట్టింది. ఈసారి ప్రతి అతుకు దగ్గరా గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. అయిదు అతుకులు బాగానే ఉన్నాయి. ఆరోది, ముద్ర కింద ఉన్నది. పది సెకన్లు ఏమీ లేదు. ఇరవై సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత అంకె మెల్లగా పైకి కదిలింది, టెస్టరు కీచుమంది. ముందురోజు నేను ఆగి ఉంటే ముందురోజే అరిచేది.

బయటికెళ్ళి మల్లేశ్ గారినీ ఖాజా భాయ్‌నీ పిలిచి అంతా చెప్పాను. ముద్ర సంగతి తర్వాత, ముందు నా సంతకం సంగతి. దినాలకి ఆలస్యమవుతుందని సరిగా చూడలేదన్నాను. మల్లేశ్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది. లోపలికెళ్ళి, లైటు కింద మూత మీదికి వంగి చూశారు.

చదువుకున్న మనిషి కదా, ముందు ఆయనే లెక్క చెప్పారు. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, అది అల్యూమినియాన్ని కొద్దిగా తినేస్తుంది, కడిగాక కూడా రెండు మూడు రోజులకి ముద్ర పైకి తేలొచ్చు, బాపు బతికుండగా ముట్టుకున్నదే ఇదయ్యుండొచ్చు అన్నారు. నిజమే, అలా జరుగుతుంది, నేనే చూశాను. నాకు ఊపిరి తిరిగొచ్చింది.

ఖాజా భాయ్ తల అడ్డంగా ఊపాడు. "నై సాబ్. సగం ముద్ర నా వెల్డింగ్ మీదున్నది, సూడుండ్రి. నేను వెల్డింగ్ చేసేనాటికి బాపు లేడు గదా." వెళ్ళి వెల్డింగ్ రిజిస్టరు తెచ్చాడు. తేదీ ఉంది, కింద ఆయన సంతకం ఉంది. బాపు పోయిన అయిదో రోజు. ముద్ర కింది సగం పలక మీద, పై సగం ఖాజా భాయ్ వేసిన అతుకు మీద, విరగకుండా ఒకటే ముద్ర.

మల్లేశ్ గారు సొరుగులోంచి పాత డ్రాయింగు ఒకటి తీశారు. దాని మూల బాపు ఎప్పుడో ఒత్తిన నీలం వేలు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. గాటు ఒకేచోట, ఒకే వాలు. ఖాజా భాయ్ టోపీ సర్దుకుని నోట్లో ఏదో చదువుకున్నాడు. "ఎట్లయింది భాయ్?" అని మల్లేశ్ గారు అడిగితే, "క్యాకీ సాబ్, నాకేం ఎరుక" అన్నాడు.

ఫోటో ఎందుకు తీయలేదని అందరూ అడుగుతారు. ఆ మూత డిజైను బెంగళూరు వాళ్ళది, ఫోటో తీయబోమని రాసిచ్చాం. మల్లేశ్ గారు బయటికెళ్ళి ఫోను తెచ్చుకుని, గుమ్మం దగ్గర ఆగి, మళ్ళీ బల్ల మీద పెట్టేసి వచ్చారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు ఇంకొంచెం పెరిగింది. తర్వాత బెంగళూరుకి ఫోన్ చేసి, మా పరీక్షలోనే లీకు దొరికింది, రెండు రోజులు కావాలని అడిగారు. అవతలి ఇంజనీరు కొంచెం గొణిగి సరేనన్నాడు.

ఇప్పుడు మిగిలింది ఆ అతుకు గీకి మళ్ళీ వెల్డింగ్ చేయడం. జిడ్డు మీద వెల్డింగ్ నిలవదు. ముందు ముద్ర తుడవాలి. తుడవమంటే ఖాజా భాయ్ "నక్కో మేడం, నాతోని గాదు" అని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. మల్లేశ్ గారు నా వైపు చూశారు. నేను వెళ్ళి అనసూయమ్మని తీసుకొచ్చాను. ఆమె చూడకుండా దాన్ని చెరిపే హక్కు మాకెవరికీ లేదనిపించింది.

దారిలో అంతా చెప్పాను. టోపీ, గ్లౌజులు, కాళ్ళ కవర్లు తొడుగుతుంటే ఆమె "గీ ఏషమేంది బిడ్డా" అని నవ్వింది. లైటు కింద వంగి చూసింది. నవ్వు ఆగింది.

"గదే" అంది. "గా ఏలే."

గ్లౌజు వేసుకున్న తన బొటనవేలిని దాని పైకి తెచ్చి, తాకకుండా, కాసేపు అలాగే ఉంచింది.

"మరి గిట్లనే వెట్టుకోని కూసున్నరేంది?" అంది ఆమె. "పని ఆగిపోదా?"

"తుడవాలమ్మా. చెయ్యి రావడం లేదు" అన్నాను.

"పదకొండొద్దులు నేను ఏడ్చిన. ఒక్క పారి నాకు కలలనన్న రాలే ముసలోడు. పని కాడికి వచ్చిండు సూడు." కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి, గ్లౌజు చూసుకుని చెయ్యి దించేసింది. "నీకు జెప్పెటిది జెప్పిండు గదా బిడ్డా. తుడువు. పని ఆపితే ఊకుంటడా ఆయన?"

ఆమెని బయట కుర్చీలో కూర్చోబెట్టి మల్లేశ్ గారు టీ తెప్పించారు. నేను లోపలికి వచ్చి గుడ్డ స్పిరిట్‌లో తడిపాను. మామూలుగా ఒక్క విసురుతో పోయే మరక. నేను అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో గీతే చూసుకుంటూ తుడిచాను. ఖాజా భాయ్ అద్దం అవతల నిలబడి అటు తిరిగాడు.

మూత మళ్ళీ వెల్డింగ్ అయింది, నేను ఆరు అతుకుల దగ్గరా నిలబడి పరీక్ష చేశాను, సంతకం పెట్టాను, మూత బెంగళూరు వెళ్ళింది. అక్కడి నుంచి ఇప్పటిదాకా ఫిర్యాదు లేదు, రెండో ఆర్డరు నడుస్తోంది. సీలు వేసిన రెండు సంచుల లోపలికి, తాళం వేసిన గదిలోకి, ఆ ముద్ర ఎలా వచ్చిందో నాకు తెలియదు. చదువుకున్నవాళ్ళని అడిగాను, పంతులుగారిని అడిగాను. ఎవరి జవాబూ నాకు సరిపోలేదు.

ఆ రోజు తుడిచాక పద్ధతి ప్రకారం లైటార్పి, యూవీ లైటు కింద మళ్ళీ చూశాను. ఏమీ లేదు. ఈ మూల నుంచి ఆ మూలకి నల్లగా, శుభ్రంగా ఉంది మూత. నా ఉద్యోగమంతా అలా ఉండాలనే చూసుకున్నదాన్ని. రిజిస్టరులో 'మచ్చ లేదు' అని రాయాలి. పెన్ను పట్టుకున్నాను, కానీ చాలాసేపు రాయలేకపోయాను. ఆ చీకట్లో, ఎవరూ చూడకుండా, బాపు పోయిన తర్వాత మొదటిసారి ఏడ్చాను.